తెలుగు విరిగితే ఫాంట్ మీద పడకండి, ఎలా విరిగిందో చూడండి

కంప్యూటర్‌లో తెలుగు సరిగ్గా కనబడకపోతే మనవాళ్ళందరికీ తెలిసిన మందు ఒకటే, ఫాంట్ పోయింది ఇంకోటి వెయ్యి. దాంతో తగ్గకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వెయ్యి. అదీ కాకపోతే ఫార్మాట్ కొట్టించు. ఈ మూడూ అయిపోయాక, సిస్టమ్‌లో ఫోటోలూ పాస్‌వర్డులూ అన్నీ పోగొట్టుకున్నాక అప్పుడు నాకు ఫోన్ చేస్తారు, "ఇంకా అలాగే వస్తోంది" అని. రాదా మరి, జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేస్తే.

ఫోన్‌లో "తెలుగు రావట్లేదు" అంటే నాకు ఏమీ అర్థం కాదు అందుకే వాట్సాప్‌లో ఫోటో పెట్టమంటాను, స్క్రీన్ మొత్తం అక్కర్లేదు, ఒక్క మాట చాలు, జూమ్ చేసి తియ్యండి అంటాను. ఎందుకంటే తెలుగు విరిగే పద్ధతులు నాలుగైదే ఉన్నాయి, డబ్బాలు వస్తాయి, లేదా ప్రశ్నార్థకాలు వస్తాయి, లేదా ఏదో ఫ్రెంచి భాషలాగా నెత్తిన గీతలున్న అక్షరాలు వస్తాయి, లేదా ఒత్తులు ఊడి పక్కకొస్తాయి, లేదా అర్థంపర్థం లేని ఇంగ్లిష్ వస్తుంది. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు. ఇందులో ఫాంట్ వేస్తే నిజంగా పోయేది డబ్బాలే, మహా అయితే చివర్లో చెప్పే 'అను' అనే పాత డీటీపీ ఫాంట్ల గోల.

డబ్బాలు అంటే ఖాళీ చతురస్రాలు వరసగా. అక్షరం ఫైల్‌లో క్షేమంగానే ఉంది, దాన్ని గీయడానికి బొమ్మ దొరకట్లేదు అంతే. కానీ మామూలు విండోస్‌లో ఈ రోజుల్లో ఇది దాదాపు రాకూడదు, గౌతమి ఫాంట్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది, విండోస్ 7లో వాణి వచ్చింది, 8 నుంచి నిర్మలా యూఐ అనే ఒక్క ఫాంటే మన లిపులు చాలావాటిని మోస్తోంది. ఎక్స్‌పీ రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు, కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ ఆప్షన్స్‌కి వెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైల్స్ అనే దగ్గర టిక్ పెడితే అది విండోస్ సీడీ పెట్టమనేది, ఆ సీడీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. ఆ బాధ ఎప్పుడో పోయింది. ఇప్పుడు డబ్బాలు వచ్చాయంటే ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ తెలుగు లేని ఏదో ఫాంట్‌ని పట్టుకుని కూర్చుంది అని, సిస్టమ్‌లో ఫాంట్ లేక కాదు. దాని సెట్టింగ్స్‌లో ఫాంట్ పేరు నిర్మలా అని మారిస్తే సగం కేసులు అక్కడే అయిపోతాయి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, ఫాంట్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే అది ఆ యూజర్‌కి మాత్రమే వేస్తుంది, సిస్టమ్ మొత్తానికి కాదు. ఫైల్ వెళ్ళి విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో కాకుండా యాప్‌డేటా లోపల లోకల్ ఫోల్డర్‌లో ఎక్కడో పడుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్లు అక్కడ కూడా వెతుకుతాయి, పాతవి కొన్ని వెతకవు. దాంతో వర్డ్‌లో మండలి ఫాంట్ కనిపిస్తుంది, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించదు, మనిషేమో ఫాంట్ కరప్ట్ అయిందని ఇంకో సైట్ నుంచి మళ్ళీ దింపుతాడు, మళ్ళీ అలాగే వేస్తాడు. రైట్ క్లిక్‌లోనే ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అని ఉంటుంది, విండోస్ 11లో అయితే షో మోర్ ఆప్షన్స్ నొక్కితే కనబడుతుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది వాడండి. వేసాక ఆ సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి, తెరిచి ఉండగానే వేసి "రాలేదు" అనకండి.

గౌతమి గురించి ఇంకొక్క మాట. పాత సిస్టమ్‌లో గౌతమిలో టైప్ చేసిన వర్డ్ ఫైల్ విండోస్ 10లో తెరిస్తే తెలుగు బాగానే కనబడుతుంది కానీ పేజీలు మారిపోతాయి, రెండు పేజీల అర్జీ రెండున్నర పేజీలవుతుంది. కారణం ఏంటంటే గౌతమి, వాణి రెండూ ఇప్పుడు విండోస్‌తో మామూలుగా రావు, సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనేది యాడ్ చేసుకోవాలి. అది లేకపోతే విండోస్ చెప్పకుండా వేరే ఫాంట్ పెట్టి చూపిస్తుంది. ఏ సైట్ నుంచీ ఏమీ దింపక్కర్లేదు, నెట్ ఉంటే చాలు.

ఇక పీడీఎఫ్‌లో డబ్బాలు. స్క్రీన్ మీద తెలుగు బాగుంది, డౌన్‌లోడ్ చేసిన రసీదులో డబ్బాలు, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా డబ్బాలే. ఇలా ఉంటే మీ సిస్టమ్‌ని ముట్టుకోకండి, ఆ పీడీఎఫ్ తయారైంది ఎక్కడో సర్వర్‌లో, ఆ లినక్స్ మెషీన్‌లో తెలుగు ఫాంట్ లేదు. సర్వర్ మీ చేతిలో ఉంటే ఉబుంటులో లోహిత్ తెలుగు ప్యాకేజీ ఉంది, నోటో ఫాంట్లు ఉన్నాయి, ఏదో ఒకటి వేసి ఎఫ్‌సీ-క్యాష్ నడిపి సర్వీసు రీస్టార్ట్ చేస్తే సరి. చేతిలో లేకపోతే వాళ్ళకి మెయిల్ పెట్టడమే, మీ ఇంట్లో ఎన్ని ఫాంట్లు వేసినా ఒక్క డబ్బా కూడా మారదు.

ప్రశ్నార్థకాలు అలా కాదు. పేరు ఉండాల్సిన చోట వరసగా ఆరు ప్రశ్నార్థకాలు కనబడితే అక్కడ అక్షరం లేదు, చచ్చిపోయింది. ఏ ఫాంటూ దాన్ని బతికించదు. తెలుగు గురించి తెలియని పాత పద్ధతిలో ఎవరో సేవ్ చేసారు, పాత నోట్‌ప్యాడ్ డిఫాల్ట్‌గా ఏఎన్‌ఎస్‌ఐ అనే దాంట్లో సేవ్ చేసేది, సేవ్ చేసేముందు "కొన్ని అక్షరాలు పోతాయి" అని అడిగేది కూడా, మనం చదవకుండా ఓకే కొట్టేవాళ్ళం. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ డిఫాల్టే అన్ని భాషల అక్షరాల్నీ దాచుకోగల యూటీఎఫ్-8 అయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది, ఇప్పుడు ఎక్కువగా పాత డేటాబేస్‌ల వల్ల వస్తుంది, టేబుల్‌లో ఆ కాలమ్ యూరప్ అక్షరాలు మాత్రమే తెలిసిన లాటిన్-1గా పెట్టి ఉంటుంది. సెట్టింగ్ మార్చితే ఇకముందు ఎక్కించేవి బాగుంటాయి, ఇప్పటికే ప్రశ్నార్థకాలు అయినవి కావు. కాగితాలు ఉంటే మళ్ళీ టైప్ చేయించుకోవాలి. ఒక ఆఫీసులో సభ్యుల లిస్టు మొత్తం ఇలా అయితే అక్కడి పెద్దాయన "ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది బాబూ చూడు" అని నన్ను చాలా సేపు బతిమాలారు. లేదండీ. ఉత్త ప్రశ్నార్థకాల్లోంచి వెంకటేశ్వర్లునీ సుబ్రహ్మణ్యాన్నీ వేరు చేసే సాఫ్ట్‌వేర్ లేదు.

మూడోది ఎక్సెల్ వాడేవాళ్ళందరికీ తెలిసిందే. ఏదో పోర్టల్ నుంచి సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ పట్టిక) దింపుతారు, డబుల్ క్లిక్ చేస్తారు, ఎక్సెల్ తెరుచుకుంటుంది, తెలుగు ఉండాల్సిన చోట నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లిష్ 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేదో ఒకటి, మళ్ళీ గీత ఉన్న 'ఏ', పక్కన ప్లస్ మైనస్ గుర్తు, ఇంకేదో, ఇలా మూడేసి చొప్పున వరస. ఈ వరస చూస్తే సంతోషించండి, ఎందుకంటే డేటా మొత్తం భద్రంగా ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటీ మూడు బైట్లు తీసుకుంటుంది, ప్రపంచ లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన 128 గళ్ళు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి మొదటి బైట్ అన్నిటికీ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరువేరు యూరప్ అక్షరాలు అనుకుని చదివింది. డోర్ నంబరు కరెక్టే గానీ వేరే ఊళ్ళో వెతికినట్టు. ఆ గీత ఉన్న 'ఏ' పక్కన అన్ని చోట్లా డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో వస్తోందంటే అది తెలుగే అని నేను కళ్ళు మూసుకుని చెప్తా, హిందీ అయితే డిగ్రీ గుర్తు దగ్గర వేరే గుర్తు ఉంటుంది.

చెయ్యాల్సింది, ఆ ఫైల్‌ని సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి, ఇది ముఖ్యం. ఖాళీ ఎక్సెల్ తెరిచి పైన డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ నొక్కి ఫైల్ చూపించండి, చిన్న ప్రివ్యూ వస్తుంది, అందులో పైన ఎడమవైపు ఫైల్ ఆరిజిన్ అని ఉంటుంది, ఆ లిస్టు చాంతాడంత ఉంటుంది, అందులో 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఎంచుకోగానే అక్కడే ప్రివ్యూలో తెలుగు వచ్చేస్తుంది, చూసి లోడ్ కొట్టండి. అదే ప్రివ్యూలో కుడివైపు డేటా టైప్ డిటెక్షన్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని డు నాట్ డిటెక్ట్ అని పెట్టడం మంచిది, లేకపోతే ఫోన్ నంబర్ల ముందు సున్నాలు పోతాయి, 12 అంకెల ఆధార్ నంబర్లు ప్లస్ 11 అనే దాంతో పొట్టిగా అయిపోయి కనబడతాయి. మళ్ళీ ఎవరికైనా పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉంటుంది, ఉత్త సీఎస్‌వీ కాదు, అలా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో ఒక గుర్తు పడుతుంది, ఇక అవతలివాళ్ళు డబుల్ క్లిక్ చేసినా తెలుగే వస్తుంది.

సేవ్ చెయ్యొద్దని ఎందుకు అన్నానంటే, కొంతమంది ఆ పిచ్చి అక్షరాల్ని కాపీ చేసి వేరే ఫైల్‌లో పేస్ట్ చేసి సేవ్ చేసి దాన్ని తెలుగులోకి తిప్పమని పంపుతారు. తిప్పితే చాలావరకు వస్తుంది, ఒత్తుల్లాంటివి కొన్ని మాత్రం రావు. మన పొల్లుకి వచ్చే మూడో బైట్ ఉంది చూసారూ, దానికి ఆ పాత యూరప్ పట్టికలో అసలు అక్షరమే లేదు, ఖాళీ గడి. కాపీ పేస్టుల్లో అది ఎక్కడో జారిపోతుంది. పొల్లు పోతే ఒత్తు ఎక్కడిది, లక్ష్మి కాస్తా లకషమి అవుతుంది. ఒరిజినల్ ఫైల్ ఉంటే నిమిషం పని, అది లేకపోతే కూర్చుని ఒక్కో పేరూ దిద్దుకోవడమే.

ఇప్పుడు అసలు గోల, ఒత్తులు. మా బావకి తెనాలిలో ఫ్లెక్సీల పని, ఒకరోజు శ్రీరామనవమి బ్యానర్ల హడావిడిలో ఫోన్.

"ఏరా, పొద్దున్నుంచి చస్తున్నా, శ్రీ రావట్లేదు."

"రావట్లేదంటే ఏమొస్తోంది బావా?"

"ముందు శ వచ్చి నెత్తిన పొల్లు పెట్టుకుని నుంచుంటోంది, పక్కన రీ వస్తోంది. దరిద్రపు ఫాంట్. అన్నీ మార్చేసా, ఫోటోషాప్ కూడా తీసేసి మళ్ళీ వేసా."

"ఫాంట్ సంగతి తర్వాత. నోట్‌ప్యాడ్ తెరువు, అదే ఫాంట్ పెట్టు, అదే శ్రీ అక్కడ పేస్ట్ చెయ్యి."

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇక్కడ బాగానే వచ్చిందిరా!"

ఆ ఒక్క పరీక్షతో ఫాంట్ నిర్దోషి అని తేలిపోయింది. శ్రీ అనేది ఫైల్‌లో ఒక అక్షరం కాదు, శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు. ఆ నాలుగింటినీ కలిపి ఫాంట్ లోపల ఉన్న ఒక బొమ్మని తెచ్చి పెట్టే పని ఇంకో ఇంజన్‌ది, క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, విండోస్‌కి సొంతంగా ఇంకోటి ఉంది. ఆ ఇంజన్ లేకపోయినా, ఉండి ఆన్‌లో లేకపోయినా, నాలుగూ వచ్చిన వరసలో గీసేస్తుంది, శ్‌రీ అని, కృష్‌ణ అని. ఫోటోషాప్‌లో ఇంజన్ ఉంది, ఎంచుకోవాలి అంతే. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే పేజీలో టెక్స్ట్ ఇంజన్ దగ్గర కొన్ని వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది, ఆ తర్వాతి కొన్నిటిలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది. మిడిల్ ఈస్ట్ అంటే అరబ్బు దేశాలు కదా మనకేంటి అని అందరూ దాన్ని దాటేస్తారు, సౌత్ ఏషియన్ అంటే మనమే. అది పెట్టి ఫోటోషాప్ మూసి తెరవాలి.

ఇక్కడ రెండో మెలిక. తెరిచాక కూడా బావ "మారలేదు" అన్నాడు. మారదు, ఎందుకంటే ఆ సెట్టింగ్ కొత్తగా రాసే టెక్స్ట్‌కే వర్తిస్తుంది, ముందే టైప్ చేసిన లేయర్ పాత ఇంజన్‌తోనే ఉంటుంది. ఆ లేయర్ ఎంచుకుని టైప్ మెనూలో లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్ళి మార్చాలి, లేదా ఇంకో లేయర్‌లో మళ్ళీ టైప్ చేసుకోవాలి. ఇన్‌డిజైన్‌లో ఇదే సంగతి పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ అని ఉంటుంది.

తీసేసి మళ్ళీ వేస్తే ఎందుకు పోలేదు అంటే, ఒకటి, ఈ సెట్టింగ్ ఉన్న వెర్షన్లలో కొత్తగా వేసినా ఆ ఇంజన్ దానంతట అది ఆన్ అవ్వదు. రెండోది అన్ని సాఫ్ట్‌వేర్లకీ వర్తించేది, అన్‌ఇన్‌స్టాల్ అంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్నది తీసెయ్యడం, మన సెట్టింగులు ఉండేది అక్కడ కాదు, యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో. చాలా సాఫ్ట్‌వేర్లు పోతూ పోతూ దాన్ని ముట్టుకోవు, మళ్ళీ వేస్తే మంచిదో చెడ్డదో పాత సెట్టింగే పట్టుకుని లేస్తాయి. విండోస్ బటనూ ఆర్ కలిపి నొక్కి, పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లిష్‌లో కొడితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఎప్పుడో తీసేసిన సాఫ్ట్‌వేర్ల ఫోల్డర్లు కూడా అక్కడ కనబడతాయి. నిజంగా మొదటికి రావాలనుకుంటే ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ పేరు చివర ఓల్డ్ అని చేర్చి మళ్ళీ తెరవండి, డిలీట్ చెయ్యకండి. ఫోటోషాప్‌కి అయితే తెరుచుకునేటప్పుడు కంట్రోల్ ఆల్ట్ షిఫ్ట్ మూడూ పట్టుకుంటే సెట్టింగులు తీసెయ్యమంటావా అని అదే అడుగుతుంది. గంటసేపు రీఇన్‌స్టాల్ చేసే బదులు ఇది పది సెకన్ల పని.

ఫోటోషాప్ 7 లాంటి పాతకాలం వెర్షన్ వాడేవాళ్ళు ఆ సెట్టింగ్ కోసం వెతక్కండి, అందులో లేదు. ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో ఒత్తులు చక్కగా వస్తాయి, అక్కడ టైప్ చేసి బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోండి. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో సర్టిఫికెట్ల మీద పేర్లు వేసే కుర్రాళ్ళకి కూడా ఇదే జబ్బు, దానికి రక్మ్ అనే లైబ్రరీ తోడు ఉండాలి, అది లేకపోతే ఎర్రర్ కూడా ఇవ్వకుండా పొల్లులు నిలబెట్టి ప్రింట్ చేస్తుంది.

ఈ అక్షరాలు కలపడం పెద్ద పెద్దవాళ్ళకే తిప్పలు తెచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక్క తెలుగు అక్షరానికి పడిపోయాయి గుర్తుందా, జ్ఞా, అది కూడా మామూలు జ్ఞా కాదు, మధ్యలో కనబడని ఒక నాన్-జాయినర్ గుర్తు (అక్షరాల్ని కలవనివ్వనిది) ఇరుక్కున్నది. మెసేజ్‌లో అది వస్తే యాప్ క్రాష్. 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసారు. ఆ వారం దేశంకాని దేశాల్లో కూడా తెలుగు పేరు వార్తల్లో తిరిగింది, మంచికో చెడ్డకో.

వర్డ్‌లో ఇంకో రకం వింత, తెలుగు సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చినా మారదు, సైజు 14 పెట్టినా ఉన్నట్టే ఉంటుంది. వర్డ్ లెక్కలో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్, దాని ఫాంటూ సైజూ వేరే పెట్టుకుంటుంది. కంట్రోల్ డి కొడితే వచ్చే డబ్బాలో కింద కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని విడిగా ఉంటుంది, అక్కడ మార్చండి. అలాగే ఒత్తులు కింద సగం తెగి కనబడితే అది లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్‌లీ అని పెట్టడం వల్ల, దాన్ని ఎట్‌లీస్ట్ చేస్తే సరిపోతుంది. గుళ్ళూ ఒత్తులూ ఉన్న లిపికి ఇంగ్లిష్ కొలత చాలదు.

అర్థంలేని ఇంగ్లిష్, మధ్యమధ్యలో బ్రాకెట్లూ డాలర్లూ వస్తే అది అను ఫాంట్లలో కొట్టిన మేటర్. డీటీపీ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అందులో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు, తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తెలుగులా కనబడుతుంది, లేని సిస్టమ్‌లో అసలు రంగు బయటపడుతుంది. వాళ్ళని తిట్టడం తేలిక గానీ వాళ్ళు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7, దానికి యూనికోడ్ రాదు, పెళ్ళి కార్డుల నుంచి పుస్తకాల దాకా అందులోనే చేసినవాళ్ళు ఇంకేం చేస్తారు. అప్పటికి పని జరిపించింది అదే. మీకు అలాంటి ఫైల్ వస్తే ఫాంట్ వేసి చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. వెతకడానికి, నెట్‌లో పెట్టడానికి మాత్రం యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో వెయ్యాలి, వేసాక తప్పకుండా ఒకసారి చదవాలి, ఒత్తుల దగ్గర కన్వర్టర్లు తడబడతాయి, అంకెలూ ఇంగ్లిష్ మాటలూ మధ్యలో ఉంటే వాటిని కూడా తెలుగు అనుకుని తిప్పేస్తాయి.

కీబోర్డ్ గురించి చెప్పకపోతే మా పిన్ని ఊరుకోదు. విండోస్‌లో లాంగ్వేజ్ లిస్టులో తెలుగు యాడ్ చేసారు, అమ్మ అని కొట్టారు, "ోససో" అని వచ్చింది. పిన్ని దీన్ని వైరస్ అంది. కాదు, తెలుగు యాడ్ చెయ్యగానే వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్, అందులో ఇంగ్లిష్ 'ఏ' ఉన్న చోట ఓత్వం, 'ఎమ్' ఉన్న చోట 'స' ఉంటాయి. నేర్చుకున్నవాళ్ళకి అది చాలా స్పీడు, నేర్చుకోనివాళ్ళకి ఫొనెటిక్ ఉంది, 2019 మేలో వచ్చిన 1903 అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు పక్కన చుక్కల మీద నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో యాడ్ ఎ కీబోర్డ్ అంటే తెలుగు ఫొనెటిక్ కనబడుతుంది, అది పెట్టి ఆ పాతది రిమూవ్ చేసెయ్యండి, రెండూ ఉంటే విండోస్ బటనూ స్పేసూ కొట్టినప్పుడల్లా మూడింటి మధ్య తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో షిఫ్ట్ 2 కొడితే ఈమెయిల్లో వేసే అట్ గుర్తు రాకుండా డబుల్ కోట్స్ వస్తున్నాయా, అది కీబోర్డ్ పాడై కాదు, అక్కడ ఇంగ్లిష్ యూకే ఎక్కి కూర్చుంది, తీసేసి యూఎస్ గానీ ఇండియా గానీ పెట్టుకోండి. బ్యాంకు పాస్‌వర్డ్ తప్పని లాక్ అయిపోయాక తెలుసుకునేవాళ్ళే ఎక్కువ.

వెతుకుడు దగ్గర ఒక చిన్న తలనొప్పి మిగిలింది. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట్ కి వ ఒత్తు పడకుండా మధ్యలో కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, అది లేకుండా కొడితే సాఫ్ట్వేర్ అని వస్తుంది. రెండూ వేరు మాటలు కంప్యూటర్‌కి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకటి వెతికితే రెండోది దొరకదు. లిస్టులో పేరు ఉందని తెలిసీ కంట్రోల్ ఎఫ్‌కి దొరకట్లేదంటే పేరు మొదటి రెండక్షరాలే కొట్టి చూడండి.

బావ బ్యానర్లు ఆ సాయంత్రానికే ప్రెస్సుకి వెళ్ళాయి. అక్కడి సిస్టమ్‌లో ఏ ఫాంట్లు ఉంటాయో ఏ ఇంజన్ ఆన్‌లో ఉంటుందో మనకి తెలియదు కాబట్టి పంపేముందు తెలుగు టెక్స్ట్ లేయర్లని కన్వర్ట్ టు షేప్ చెయ్యమన్నాను, అప్పుడు అక్షరాలు ఉత్త బొమ్మలైపోతాయి, ఎక్కడ తెరిచినా విరగవు. ఒకసారి బొమ్మ అయ్యాక అక్షరం మార్చలేం, అందుకని అసలు ఫైల్ వేరే పేరుతో ఉంచుకోండి. దాత గారి ఇంటిపేరులో దీర్ఘం పోయిందని రాత్రి పదింటికి ఫోన్ ఎలాగూ వస్తుంది.